దిగనన్న నీడ

పక్షవాతం వచ్చి సిలాసుగారి కాళ్ళు పడిపోయాక, ఢిల్లీ మయూర్ విహార్‌లోని ఆ ఇంటికి పాలూ కూరగాయలూ ఆయన నీడే తెచ్చేది. పొద్దున్నే చక్రాల కుర్చీ దిగి, సంచీ పుచ్చుకుని మెట్లు దిగేది. "నమస్తే అంకుల్" అంటూ పాలబూత్ భయ్యా పేకెట్లు అందులో వేసేవాడు.

ఆసుపత్రిలో నర్సు పని, ఇంట్లో భర్తను ఎత్తడం, దించడం. సరళకుమారికి నడుం పడిపోయింది. ఇందిరాపురంలో ఉండే తమ్ముడు స్టీవ్ ఫరీదాబాద్‌లో మంచాన పడ్డవాళ్ళని చూసుకునే ఒక హోమ్ మాట్లాడి వచ్చాడు.

"ఇలాగైతే నువ్వూ మంచం పడతావక్కా. అక్కడ బాగా చూస్తారు."

ఆవిడ ఏడ్చి ఏడ్చి సరేనంది. సిలాసు మాత్రం వంకర తిరిగిన నోటితోనే "నే వెళ్ళను" అన్నాడు.

ఫిబ్రవరిలో ఒక శనివారం బయల్దేరారు. కారు ఆవిడే నడిపింది. తిన్నగా వెళ్ళే మథురా రోడ్డు వదిలేసి తుగ్లకాబాద్ కోట వైపు తిప్పింది.

"ఇటెందుకక్కా?" అన్నాడు వెనక సీట్లోంచి స్టీవ్.

"పెళ్ళైన కొత్తలో నన్ను ఇక్కడికే తీసుకొచ్చారు. ఒకసారి చూడనీ."

కోట కింద ఆపగానే నీడ తలుపు సందులోంచి జారింది. మెట్లన్నీ ఎక్కి బురుజు మీద కూర్చుంది.

"ఏం కనబడుతోందండీ?" అంది సరళకుమారి.

"అడివి. నెమళ్ళు," అన్నాడు సిలాసు, కారులోంచి కదలకుండా.

ఎంతసేపు హారన్ కొట్టినా నీడ దిగలేదు. అదే వస్తుందిలెమ్మన్నాడు స్టీవ్. సూరజ్‌కుండ్ దాటి, మోదుగలు పూసిన కొండల మధ్య నింపాదిగా సాగి హోమ్ చేరారు. అక్కడి మేడమ్ సిలాసును కిందా మీదా చూసింది.

"ఈయన నీడేది?"

"వెనకాల వస్తుందండీ."

"మనిషి మొత్తంగా ఉంటేనే చేర్చుకుంటాం. వెళ్ళి తీసుకురండి."

మళ్ళీ కోటకొచ్చారు. స్టీవ్ రొప్పుతూ బురుజెక్కాడు. "బావగారూ, ప్లీజ్, దిగండి!" నీడ మొహం తిప్పుకుంది. కాపలా అతను జాలిపడి, "రానంటున్నారు కదా భయ్యా, వదిలేయండి" అన్నాడు.

"రాను," అన్నాడు కింద కారులో సిలాసు.

సరళకుమారి దిగి, తలెత్తి, కోటంతా వినబడేలా అరిచింది: "స్టీవ్! ఎన్నిసార్లు చెప్పాలిరా ఆయన? రానంటే రారు!"

"మరి నీ నడుం?"

"శనాదివారాలు నువ్వొచ్చి ఎత్తు. మిగతా రోజులకి మనిషిని పెట్టుకుంటాను. హోమూ లేదు, ఏమీ లేదు!"

స్టీవ్ "ఠీక్ హై" అన్నాడు.

నీడ లేచి దులుపుకుని, అతనికంటే ముందే మెట్లు దిగింది. కారెక్కి సిలాసు పాదాల దగ్గర సర్దుకుంది.

"ఇంటికేనా?" అడిగిందావిడ, కళ్ళు తుడుచుకుని.

"అప్పుడేనా?" అన్నాడు సిలాసు. "కుతుబ్ మీనార్ వైపు పోనీ."

ఆవిడ బండి మెహ్రౌలీ దారి పట్టించింది.