ఓదెలు పేరు మీద నా చప్పుడు

నేను ఒక సైలెన్సర్‌ని. మోటార్‌సైకిల్‌కి కుడిపక్కన, జనం కాళ్లు కాల్చుకునే చోట ఉండేదాన్ని. ఇప్పుడు పాత ఇనుము కుప్పలో చితికిన రేకునై పడి ఉన్నాను కాబట్టి, ఎవరికీ భయపడకుండా మాట్లాడతాను.

కర్మాగారంలో నా కడుపులో అడ్డుగోడలు కట్టారు. వాటికి ముందు తేనెపట్టులా సన్నటి గదులున్న ఒక దిమ్మను అమర్చారు. ఇంజిను కక్కే విషాన్ని దిమ్మ విరుస్తుంది, చప్పుడును గోడలు మింగుతాయి. ఎంత పొగ వదలాలో, ఎంత మోగాలో పరీక్షించి, సర్కారు సరేనన్నాకే నా ఒంటిమీద నంబరు కొట్టారు. ఇక నన్ను మార్చడం నేరం. ఆ సంగతి బండితో ఇచ్చే పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకాన్ని విప్పకుండానే సీటు కింద పడేయడం మనుషుల ఆచారం.

నన్ను మొదట ఏలుకున్నవాడు ఓదెలు. కరీంనగర్‌లో బడి బస్సు డ్రైవరు. ఇరవై ఆరేళ్లలో అతని లైసెన్సు మీద ఒక్క మరక లేదు. తెల్లవారుజామున వాడకట్టు నిద్ర చెడకూడదని బండిని సందు చివరిదాకా తోసుకుపోయి, అక్కడ కిక్కు కొట్టేవాడు. చూసినవాళ్లు నవ్వారు. నాకు మాత్రం అతనంటే ప్రాణం.

మోకాళ్లు మొరాయించాక స్కూటీ కొనుక్కుని, బండిని అభినయ్‌కి అమ్మాడు. అభినయ్‌ది సెల్‌ఫోన్ కవర్ల దుకాణం. తెల్లకాగితం మీద స్టాంపు అంటించి ఇద్దరూ సంతకాలు చేశారు.

"ఆర్సీల పేరు మార్పిచ్చుకో బిడ్డా," అన్నాడు ఓదెలు.

"నెల లోపల్నే చేపిస్త కాకా. నువ్వు ఫికర్ చెయ్యకు."

చేయించలేదు. తెల్లకాగితం రాసుకుంటే బండి చేతులు మారినట్టేనని ఇద్దరూ నమ్మారు.

వారం తిరక్కుండానే అభినయ్ నన్ను మెకానిక్ యాకూబ్ ముందు పెట్టాడు. బండి గట్టిగా మోగాలట, కానీ వేరే పైపు బిగిస్తే పోలీసుల కంట పడుతుందట.

"పైకి కంపెనీదే ఉంటది అన్నా. లోపల సాఫ్ చేస్తె పిడుగు లెక్క మోగుతది," అన్నాడు యాకూబ్.

నన్ను కోసి, దిమ్మను పీకి, గోడలు విరగ్గొట్టి, మళ్లీ అతికించి నల్లరంగు పూశాడు. నాకు చచ్చేంత సిగ్గేసింది. పొల్యూషన్ కాగితం ఇచ్చే వ్యాను దగ్గర ఆ సిగ్గు కూడా దండగైంది. అక్కడి మనిషి నాలో గొట్టం పెట్టకుండానే నంబరు ప్లేటు ఫొటో తీసి, బండి శుభ్రంగా ఉందని కాగితం చేతిలో పెట్టాడు.

ఒక మధ్యాహ్నం పెద్దాసుపత్రి ముందు నేను చెవులకు చిల్లులు పడేలా మోగుతుంటే పోలీసులు చెయ్యెత్తారు. అభినయ్ బండి అక్కడే పడేసి పరుగెత్తాడు. మర్నాడు ఓదెలును స్టేషన్‌కు పిలిపించారు.

"నేనమ్మిన బండి సార్. ఇగో కాయితం."

"ఆర్సీల నీ పేరే ఉన్నది గద. నడిపినోన్ని తోల్కరా, లేకుంటె నువ్వే నడిపినట్టు."

అభినయ్ ఫోను ఎత్తలేదు. కోర్టు వరండాలో ఒక గుమాస్తా జాలిపడ్డాడు: "ఒప్పుకో పెద్దమనిషీ, జల్దీ ఒడుస్తది." ఓదెలు ఒప్పుకున్నాడు. కేసు జల్దీగానే ముగిసింది. మూడు నెలలు లైసెన్సు రద్దు. అన్నాళ్లు ఆగలేమని బడివాళ్లు వేరే డ్రైవర్ని పెట్టుకున్నారు. చేయని తప్పు ఒప్పుకోవడం ఇంత సులువని తెలిసి నాకు ఒళ్లు మండింది.

చివరికి పట్టుకున్న బండ్ల నుంచి నాలాంటి వాటినన్నిటినీ ఊడదీసి రోడ్డు మీద వరుసగా పరిచారు. రోడ్డు రోలర్ వచ్చింది, విలేకరులూ వచ్చారు. బండ్లనూ, వాటి యజమానులనూ పక్కన నిలబెట్టారు. అభినయ్ గుంపులో నిలబడి ఫోనెత్తి వీడియో తీస్తున్నాడు. ఓదెలు అతన్ని చూశాడు. వేలెత్తి చూపిస్తాడని ఆశపడ్డాను. చూపించలేదు. సంతకం చేసి ఒప్పుకున్న మనిషి మాట ఎవరు నమ్ముతారు!

రోలర్ కోసం ట్రాఫిక్ ఆపితే, ముందు ఆగింది ఓదెలు ఇన్నాళ్లూ నడిపిన బడి బస్సే. కిటికీలోంచి ఒక పిల్ల తల బయటపెట్టింది.

"డ్రైవర్ తాతా! నువ్వు బడికి ఎందుకొస్తలెవ్వు? గా సప్పుడు బండి నీదేనా?"

పోలీసులు, విలేకరులు అందరూ అతని వైపు తిరిగారు.

"నాదే బిడ్డా," అన్నాడు ఓదెలు. "తల లోపలికి పెట్టుకో, దెబ్బ తాకుతది."