మూడు వేసుకో అమ్మాయ్

టిల్డా బెర్గ్‌క్విస్ట్ ఊరంతా తలుపులు తట్టి, వంద కప్పుల నీళ్ల కాఫీ తాగి, ముప్పై ఏడు ఫారాలు నింపుకొచ్చింది. అన్నిట్లోనూ ఒకటే జవాబు: మూడు. కొండను తవ్వి ఎలుకను పట్టిన వాళ్లకి కనీసం ఎలుకైనా దొరికింది. ఈ పిల్లకి ఆ భాగ్యం కూడా లేకపోయింది.

పనేమో చిన్నది కాదు. అమెరికాలో, మినసోటా రాష్ట్రంలో హాల్వర్ అనే ఆ చిన్న ఊళ్లో ముసలివాళ్ల కోసం కౌంటీ వాళ్లు, అంటే మన జిల్లా అధికారుల్లాంటి వాళ్లు, ప్రతి గురువారం ఒక వ్యాన్ నడుపుతారు. పొద్దున తొమ్మిదికి చర్చి ముందు అందరినీ ఎక్కించుకుని, ముప్పై ఎనిమిది మైళ్ల అవతలున్న బ్రాంట్‌కి తీసుకెళ్లి, సాయంత్రానికి మళ్లీ దింపేస్తుంది. ఆసుపత్రి, మందుల షాపు, వృద్ధుల ఆశ్రమం అన్నీ బ్రాంట్‌లోనే ఉన్నాయి. అసలా వ్యాన్ ఎవరికైనా కావాలా అని ఈ ఏడాది కౌంటీకి అనుమానం వచ్చింది. టిల్డా ఎం.ఏ. పరిశోధన అంశం సరిగ్గా అదే కావడంతో, నీ సర్వే ఏదో మాకూ ఒక కాపీ ఇవ్వు, నవంబరు మీటింగులో దాన్ని చూసే తేల్చేస్తాం అన్నారు. అది విన్న దగ్గర్నుంచీ ఆ పిల్లకి తిండి సయించలేదు.

ప్రశ్నలు పదిహేను. అసలు ప్రాణమంతా తొమ్మిదో దానిలో ఉంది. వ్యాన్ ఆగిపోతే మీకెంత ఇబ్బంది? ఏమీ లేకపోతే ఒకటి, చాలా ఎక్కువైతే ఐదు.

ఆ తొమ్మిదో ప్రశ్న దాకా చేరడానికే తల ప్రాణం తోకకొచ్చింది. మొదటి ఇంట్లో ఆవిడ గోడలకి చెక్క పలకలు అమ్మే పిల్ల అనుకుని, తలుపు బెత్తెడు తీసి, మా గోడలు బాగానే ఉన్నాయి, కొత్త పలకలు వేయించుకోం అని మర్యాదగా మూసేసింది. రెండో ఇంటాయన మతప్రచారానికి వచ్చిందనుకుని, మాకు చర్చి ఉందమ్మా, థాంక్స్ అన్నాడు. మూడో ఇంటాయన, సర్వేకి ఒప్పుకుంటూ సంతకం పెట్టాల్సిన అంగీకార పత్రం నాలుగు పేజీలూ కళ్లజోడు పెట్టుకుని చదివి, ఇంతకీ నేను ఎవరి కేసులో సాక్షిని అని అడిగాడు. అలాగని లోపలికి రానిచ్చిన వాళ్లతో సుఖమా అంటే, వాళ్లతో ఇంకో తంటా. కూర్చోగానే ఏదో ఒకటి తినమంటారు. మొదటిసారి వద్దనాలి. రెండోసారి కూడా వద్దనాలి. మూడోసారి, సరే సగం ముక్క అనాలి. అప్పుడు నాలుగు ముక్కలు పెడతారు. టిల్డా సెయింట్ పాల్ నగరంలో పెరిగినా వాళ్లమ్మ ఇలాంటి ఊరిదే కాబట్టి ఈ శాస్త్రం తెలుసు. తెలిసినందుకు రోజుకి నాలుగిళ్ల చొప్పున పదహారు ముక్కలు తినాల్సి వచ్చింది.

ఆర్విడ్ నైగార్డ్ ఇంటికి వెళ్లింది ఆరో రోజున. ఎనభై ఒక్కేళ్ల మనిషి, వెనకటికి పాడి ఆవులు ఉండేవి. టిల్డా రికార్డర్ టేబుల్ మీద పెట్టగానే ఆయన గొంతు సవరించుకుని, పోయిన ఏడాది మంచు గురించి ఇరవై నిమిషాలు, దానికి ముందటేడు మంచు గురించి ఇంకో ఇరవై నిమిషాలు చెప్పాడు. ఇంట్లో ఎంతమంది ఉంటారు అని అడిగితే, ఒక్కణ్ణే, ప్రస్తుతానికి అన్నాడు. టిల్డా ఒకటి అని రాసుకుంది. ఆ 'ప్రస్తుతానికి'ని పెట్టడానికి ఫారంలో గడి లేదు. ఇక తొమ్మిదో ప్రశ్న వచ్చింది.

"మూడు వేసుకో అమ్మాయ్," అన్నాడు ఆర్విడ్.

"మూడే ఎందుకండీ?" అంది టిల్డా. అప్పటికే ఆ అంకె ఇరవైసార్లు రాసుకుంది.

"ఐదంటే ఊరంతా వినేలా గగ్గోలు పెట్టినట్టుంటుంది. ఒకటంటే పాపం ఆ వ్యాన్ నడిపే ఆయన్ని చిన్నబుచ్చినట్టుంటుంది. మూడైతే ఎవరికీ నొప్పి ఉండదు."

ఆడిపోసుకోవడం కాదు గానీ, ఇక్కడి జనం అంతే. చెయ్యి విరిగి వేలాడుతున్నా, ఇంకో చెయ్యి ఉందిగా అంటారు. ఇల్లు తగలబడితే, చలికాలంలో తగలబడింది, కాస్త వెచ్చగా ఉంది అంటారు. అడగందే అమ్మయినా పెట్టదు అని మన పెద్దలన్నారు. ఇక్కడ అమ్మ అడిగి పెట్టబోయినా వద్దంటారు.

ఫారాలన్నీ పట్టుకుని టిల్డా తన గైడు పిన్‌స్కర్ మేడమ్ దగ్గరికి వెళ్లింది. మేడమ్‌ది న్యూయార్కు. ఆవిడ ఊళ్లో అడక్కముందే ఐదంటారు, పైన రెండు తిట్లు కూడా ఉచితంగా కలుపుతారు. ఆవిడ ముప్పై ఏడు మూళ్లనీ కంప్యూటర్లో చూసి, ఇందులో లెక్క కట్టడానికేముంది, ఊరికి పెద్ద ఇబ్బందేమీ లేదట, అదే రాయి అంది. మీరు వాళ్ల ముఖాలు చూడలేదు మేడమ్ అని టిల్డా గొణిగింది. ముఖాలకి మన దగ్గర గడి లేదు కదా అంది మేడమ్. అన్నాక కొంచెం జాలిపడి, నీరసంగా కనిపిస్తున్నావు, ఇంకో నెల గడువు ఇప్పించనా అని అడిగింది.

"అబ్బే, పర్లేదు మేడమ్. ఎలాగోలా చేసేస్తాను," అంది టిల్డా.

మేడమ్ సరేనని తలూపి కంప్యూటర్ వైపు తిరిగింది. టిల్డా మెట్లు దిగుతూ తనని తానే తిట్టుకుంది. ఆ నెల గడువు ఆమెకి ప్రాణమంత అవసరం. ఇంకొక్కసారి అడిగి ఉంటే, పోనీ రెండుసార్లు అడిగి ఉంటే, ఒప్పుకునేదే. అమ్మ వాళ్ల ఊళ్లో అయితే అడిగేవాళ్లు. రెండో మెట్ల వరస మీద ఆమె టక్కున ఆగిపోయింది. తన ఫారం కూడా ఒక్కసారే అడుగుతోంది. మొదటిసారి అడిగితే కాఫీ కూడా ఒప్పుకోని మనిషిని పట్టుకుని, నీకు వ్యాన్ కావాలా అని ఒక్కసారి అడిగి, వద్దన్నాడని రాసుకొచ్చేసింది.

మర్నాడే కారేసుకుని ఆర్విడ్ ఇంటికి వెళ్లింది. తొమ్మిదో ప్రశ్న మళ్లీ అడిగింది. మూడు అన్నాడు. కాఫీ తాగి మళ్లీ అడిగింది. మూడే అన్నాడు. మూడోసారి అడిగేసరికి ఆయన కిటికీలోంచి బయటికి చూసి, చాలాసేపు ఆలోచించి, సరే నువ్వింతగా అడుగుతున్నావు కాబట్టి మూడున్నర అన్నాడు. ఫారంలో సగాలకి గడి లేదు.

టిల్డాకి ఏడుపొక్కటే తక్కువ. రికార్డర్ ఆపేసి, సంచీలో పడేసుకుని లేచింది. ఆర్విడ్ రెండు చేతులతో మోకాళ్లు చరిచి, సరే మరి అన్నాడు. ఇక్కడ వీడ్కోలు మొదలయిందనడానికి అదే గుర్తు, అయిపోయిందనడానికి కాదు. గుమ్మం దగ్గర పావుగంట, మెట్ల మీద పావుగంట, కారు పక్కన అరగంట మాటలు నడిస్తే గానీ ఎవరూ ఎవరినీ వదలరు. ఇక్కడ నిజాలన్నీ బయటికొచ్చేది కూడా అప్పుడే. కూర్చుని ఎదురెదురుగా ముఖాలు చూసుకుంటూ చెప్పలేని మాటలు, కారు టైరు వైపు చూస్తూ చెప్పేస్తారు. టిల్డాకి ఈ సంగతి చిన్నప్పట్నుంచీ తెలుసు. అయినా ముప్పై ఏడు ఇళ్లలోనూ రికార్డర్ టేబుల్ దగ్గరే ఆపేసింది.

ఆర్విడ్ కారు తలుపు మీద చెయ్యేసి, టైరు వైపు చూశాడు.

"నాకేం గానీ, ఆ వెర్నా సంగతే," అన్నాడు. "వారం వారం రక్తపరీక్ష ఆవిడకి. పోయిన చలికాలం వ్యాన్ మూడు వారాలు మూలపడితే ఎవరికీ చెప్పకుండా ఇంట్లోనే కూర్చుంది. కాలు ఇంత లావైంది. నేను చెప్పానని అనకు."

వెర్నా ఓస్ట్‌బీ రెండిళ్ల అవతల ఉంటుంది, డెబ్బై తొమ్మిదేళ్లు. టిల్డా తిన్నగా అక్కడికి పోయింది. ఈసారి రికార్డరూ తియ్యలేదు, ఫారమూ తియ్యలేదు. సగం ముక్క పేరుతో నాలుగు ముక్కలు తిని, వెళ్లొస్తానని లేచి, గుమ్మంలో ఓపిగ్గా నిలబడింది. ఆవిడ వాతావరణం ముగించి, చర్చి పైకప్పు ముగించి, మంచు తోసే పార దులుపుతూ అసలు మాటకొచ్చింది.

"నాదేముంది, ఎలాగో వెళ్లిపోతుంది. ఆర్విడ్‌ని చూస్తేనే నాకు కడుపు తరుక్కుపోతుంది," అంది. "వాళ్లావిడ ఇర్మా బ్రాంట్‌లో ఆశ్రమంలో ఉంది. మతిమరుపు. ఈయనకేమో కళ్లు ఆనక లైసెన్సు తీసేసుకున్నారు. గురువారం వస్తే చాలు, పొద్దున్నే టై కట్టుకుని అందరికంటే ముందు వ్యాన్ ఎక్కి కూర్చుంటాడు. ఆవిడకి ఈయనెవరో తెలీదు. అయినా టై కట్టుకుంటాడు. నేను చెప్పానని అనకు తల్లీ."

టిల్డా కారెక్కాక ఆర్విడ్ ఫారం తీసి చూసింది, ఇంట్లో ఒకరు అని ఉంది. ఆ 'ప్రస్తుతానికి' ఏమిటో ఇప్పుడర్థమయింది. ఇర్మా ఇంటికి తిరిగొస్తుందనే ఆయన లెక్క.

ఆ వారమంతా ఆమె గుమ్మాల్లోనే నిలబడింది. కాళ్లు పీకాయి గానీ ఫలితం దక్కింది. పదకొండు ఇళ్లలో పదకొండు మంది 'నాకేం గానీ' అని మొదలుపెట్టి, పక్కింటి వాళ్ల కష్టాలు పూసగుచ్చినట్టు చెప్పారు. తన నొప్పి దగ్గర నోట్లోంచి మాట పెగలని వాళ్లకి పొరుగువాడి నొప్పి దగ్గర నోట్లో నువ్వుగింజ నానలేదు. పదకొండు మందిలో ఆరుగురు ఆర్విడ్ పేరే చెప్పారు.

ఇదంతా రాసుకుని పరుగున మేడమ్ దగ్గరికి పోతే, ఆవిడ ఆసాంతం చదివి, కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంది. తర్వాత కుదరదంది. ప్రశ్నలు ఒకసారి పరిశోధనలకి అనుమతిచ్చే నైతిక సంఘం ఆమోదించాక మధ్యలో మార్చడానికి లేదు, పైగా ఒకరి సంగతి ఇంకొకరు చెబితే దాన్ని చాడీ అంటారు గానీ డేటా అనరు అంది. అందులోనూ పేర్లు బయటపెట్టబోమని సంతకం పెట్టి మరీ మాటిచ్చాం అంది. ఆవిడ తప్పేమీ లేదు, నిజమే చెప్పింది. కౌంటీకి ముప్పై ఏడు మూళ్ల నివేదికే వెళ్లింది. మొహమాటానికి పోయి ఊరు ఊరంతా తన వ్యాన్‌ని తానే సాగనంపుకుంటోంది, ఆ కాగితం కింద టిల్డా సంతకం ఉంది. తన చేత్తో ఆర్విడ్‌ని ఇర్మాకి దూరం చేస్తున్నాననిపించి ఆ పిల్ల కుమిలిపోయింది.

మీటింగు నవంబరు మూడో వారంలో చర్చి కింది హాల్లో పెట్టారు. బయట మంచు పడుతున్నా నలభై మంది వచ్చారు. ముందు వరసలు ఎప్పటిలాగే ఖాళీ, అందరూ వెనక్కి వెనక్కి సర్దుకున్నారు. ఆర్విడ్ అందరికంటే వెనక, గోడకి ఆనుకున్న కుర్చీలో కూర్చున్నాడు. కౌంటీ అధికారి డ్వైట్ హోల్మ్ అనే ఆయన నివేదిక పైకి చదివాడు. చెడ్డవాడేం కాదు, పని తొందరగా ముగించి మంచు పెరిగేలోపు ఇల్లు చేరాలనుకుంటున్నాడు. కాగితాన్ని బట్టి పెద్ద ఇబ్బంది కనపడటం లేదు, అయినా పోనీ, వ్యాన్ ఆగితే ఇబ్బందిపడే వాళ్లెవరైనా ఉంటే ఒకసారి లేచి నిలబడండి అన్నాడు.

ఒక్కరూ లేవలేదు. నలభై మందీ తమ బూట్లని అప్పుడే కొత్తగా చూసినట్టు చూసుకున్నారు. వెర్నా వాచిన కాలు కుర్చీ కిందికి లాక్కుంది. హోల్మ్ ఒక నిమిషం ఆగి, అయితే సరే అని కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు.

టిల్డాకి ఒళ్లు మండిపోయింది. ఈ జనాన్ని ఒక్కొక్కరినీ భుజాలు పట్టుకుని కుదిపెయ్యాలనిపించింది. పేర్లు చెప్పడానికి లేదు, చెబితే మాట తప్పినట్టు. కానీ ఇది సర్వే కాదు, ఇక్కడ ప్రశ్నకి ఏ సంఘం ఆమోదమూ అక్కర్లేదు. లేచి నిలబడింది.

"ఏమీ అనుకోకండి, నేను ప్రశ్న తప్పుగా అడిగాను," అంది. "ఇంకోలా అడుగుతాను. మీకు కాదు. ఈ వ్యాన్ లేకపోతే అల్లాడిపోయే మనిషి మీకు తెలిసినవాళ్లలో ఒక్కరైనా ఉంటే, వాళ్ల కోసం లేవండి."

కుర్చీలన్నీ ఒక్కసారి కిర్రుమన్నాయి. వెర్నా పక్కావిడ భుజం ఊతంగా పట్టుకుని అందరికంటే ముందు లేచింది. ఆ వెనక వరస, దాని వెనక వరస, నలభై మందీ లేచారు. ఆర్విడ్ కూడా ముందు కుర్చీ పట్టుకుని, వెర్నా కోసం మెల్లగా లేచాడు. హాల్లో కూర్చుని ఉన్నది హోల్మ్ ఒక్కడే. ఆయన కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, వ్యాన్ ఎక్కడికీ పోదు, ఇక కూర్చోండి అన్నాడు. ముందుగా కూర్చుంటే ఎవరేమనుకుంటారోనని ఎవరూ కూర్చోలేదు.

టిల్డాకి కళ్లల్లో నీళ్లు ఆగలేదు, ఆపుకోవాలని చూడలేదు కూడా. ఆ తడి కళ్లతోనే వెనక్కి తిరిగింది. అప్పటికే హాల్లో సగం మంది మెడలు తిప్పి చివరి వరస వైపే చూస్తున్నారు. ఇంతమంది ఎవరి కోసం లేచారో ఆర్విడ్‌కి అర్థం కాలేదు. ఆ దౌర్భాగ్యుడెవరో చూద్దామని తనూ వెనక్కి తిరిగాడు. వెనక గోడ తప్ప ఎవరూ లేరు.