ఎనభై ఏడో వంతు

జానకిరామ్ ఊపిరి బిగబట్టి, అంబాసిడర్ కారు పైకప్పు మీది దుమ్మును సన్నటి కుంచెతో తుడుస్తున్నాడు. కారంటే అతని బొటనవేలంత. తలుపులు, హ్యాండిళ్ళు, వెనక నంబరు ప్లేటు అన్నీ ఉన్నాయి. అసలు కారులో సరిగ్గా ఎనభై ఏడో వంతు. ఆ కొలతలో తెల్ల అంబాసిడర్ కోసం ఏళ్ళ తరబడి వాట్సాప్ గ్రూపుల్లో దేబిరించగా దేబిరించగా నిన్ననే కోయంబత్తూరు నుంచి కొరియర్లో దిగింది. బస్టాండు ఎంక్వైరీ కిటికీ వెనక కూర్చుని ఏ మనిషి మొహమూ సరిగా చూడని ఈ మహానుభావుడు, దాని మొహాన్ని మాత్రం భూతద్దం పెట్టి మరీ చూసుకున్నాడు.

రాజమండ్రి ఆర్యాపురంలో వాళ్ళది మేడమీద వాటా. ఉన్న రెండు గదుల్లో పెద్దది మొత్తం రైలుకే పోయింది. ప్లైవుడ్డు బల్లల మీద నీలం రంగు గోదావరి, దాని మీద రోడ్ కమ్ రైల్ బ్రిడ్జి, ఇటు రాజమండ్రి స్టేషను, అటు కొవ్వూరు. బ్రిడ్జి కింది అరలో రైలు పోతూ ఉంటుంది, పైన రోడ్డు మీద కార్లు, లారీలు బారులు తీరి ఉంటాయి. వాటిని బొమ్మలనకూడదు. మోడల్స్ అనాలి. బొమ్మలన్న పాపానికి సొంత తమ్ముడితోనే మాటలు మానేశాడు జానకిరామ్. ఒకసారి డ్రైవరు బుల్లియ్య, పాపం, తీర్థంలో కొన్న ఎర్రకారు ఒకటి అభిమానంగా తెచ్చి ఇచ్చాడు. అది రైలింజను కన్నా పెద్దది. "దీన్ని నా బ్రిడ్జి మీద పెడితే డైనోసార్ నడిచినట్టుంటది బుల్లియ్యా" అని అందరి ముందూ దాన్ని చెత్తబుట్టలో పడేశాడు. బుల్లియ్య నవ్వాడు. ఆ తర్వాత మళ్ళీ ఏమీ తేలేదు.

కొలత తెలియని మనుషులంటే జానకిరామ్‌కి అంత ఏహ్యం. అలాంటివాళ్ళలో మొదటి మనిషి ఇంట్లోనే ఉందని అతని అభిప్రాయం.

ఆ పెద్దగది ఒకప్పుడు అతని భార్య వీరవేణి కుట్టుమిషను గది. వీధిలో సగం మంది ఆడవాళ్ళ జాకెట్లు అక్కడే కుట్టేది. రైలు పట్టాలు గోడదాకా వచ్చేసరికి మిషను వరండాలోకి నడిచింది. వరండాలో వానజల్లు కొడుతుంది. ఇచ్చిన గుడ్డల మీద తుప్పుమరకలు పడడం మొదలయ్యాక ఒక్కొక్కరే రావడం మానేశారు. ఆవిడ అడగనైతే అడిగింది, ఒక మూల ఇవ్వండీ అని. ఏ మూల? కొవ్వూరు మూలా, రాజమండ్రి మూలా? గోదావరిని జరుపుతామా, నీ మిషను కోసం? పిల్లాజెల్లా లేని ఇంట్లో ఆ మాటకి ఆవిడ తరఫున వాదించేవాళ్ళు కూడా లేకపోయారు.

ఆ రోజు ఆయుధపూజ. వీరవేణి తలంటుకుని, పసుపు కుంకుమల పళ్ళెంతో గుమ్మం దగ్గర నిలబడింది. గది లోపలికి అడుగు పెట్టడానికి ఆవిడకి అనుమతి లేదు.

"ఏవండీ, కింద మీ స్కూటరుకి పూజ చేసేశాను. ఆ కార్లకి కూడా బొట్టు పెట్టనా? కొత్త కారు కదా."

జానకిరామ్ కుంచె దించి, కళ్ళజోడు పైనుంచి చూశాడు. చూసింది ఆవిణ్ణి కాదు, పళ్ళెంలో నిమ్మకాయల్ని.

"నిమ్మకాయ చక్రం కింద పెడతావా? నీ నిమ్మకాయ నా కారంత ఉంది. కారు దాన్ని తొక్కుద్దా, అది కారుని తొక్కుద్దా? కొలత అనేది ఒకటుంటది, నీ బుర్రకి ఎక్కదు. ఎనభై ఏడో వంతు నిమ్మకాయ ఎక్కడైనా కాస్తే అప్పుడు తెచ్చి పెట్టు."

తన చమత్కారానికి తనే నవ్వుకున్నాడు. ఆదివారం విశాఖపట్నం, విజయవాడల నుంచి గ్రూపు సభ్యులు వచ్చి ఈ రైలు లేఅవుట్ చూడబోతున్నారు. వాళ్ళ ముందు కూడా ఈ మాట చెప్పాలనుకున్నాడు.

"మీతో ఒక మాట చెప్పాలండి," అంది వీరవేణి. "అన్నవరంలో మా చెల్లి బేబి టైలరింగ్ షాపు పెట్టింది కదా. పని ఎక్కువగా ఉందంట. నన్ను వచ్చేయమంటంది. వచ్చేయడం అంటే..."

"అద్దం," అన్నాడు జానకిరామ్.

"ఏంటండీ?"

"అద్దం ఒక పక్కే ఉందేంటి దీనికి?"

ఆవిడ పళ్ళెం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. జానకిరామ్ అంబాసిడర్‌ను కొవ్వూరు స్టేషను ముందు, వేపచెట్టు నీడ పడే చోట నిలబెట్టి, ఫొటో తీసి గ్రూపులో పెట్టి, డ్యూటీకి బయల్దేరాడు.

ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సులన్నీ అరటిపిలకలు కట్టుకుని, బంతిపూల దండలు వేసుకుని కళకళలాడుతున్నాయి. డ్రైవర్లు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, బండి ముందుకు దూకించి, చితికిన చప్పుడికి పిల్లల్లా కేకలు పెడుతున్నారు. జానకిరామ్ వాళ్ళ మధ్యనుంచి ముక్కు చిట్లించుకుంటూ వెళ్ళి తన కిటికీ వెనక కూర్చున్నాడు.

కిటికీ అవతలి జనం అతని లెక్కలో ప్రయాణికులు కారు, నోళ్ళు. బోర్డు మీద అంత పెద్దక్షరాలు రాసి ఉంటే చదవలేని నోళ్ళు. జంగారెడ్డిగూడెం బస్సు వెళ్ళిపోయిందాండీ అని ఒక నోరు, పెనుగొండ డైరెక్టు ఉందాండీ అని ఒక నోరు. జానకిరామ్ తలెత్తడు. చేత్తో గాలిలో ఒక పక్కకి చూపిస్తాడు. ఆ చెయ్యి చూపించిన చోట ఏ బస్సూ లేకపోతే అది వాళ్ళ ఖర్మ. అతనికిది ఉద్యోగం కాదు, మేడమీద గదికి తిరిగి వెళ్ళేదాకా భరించాల్సిన శిక్ష.

మధ్యాహ్నానికి గ్రూపులో మంట లేచింది. విశాఖపట్నం సభ్యుడు ఒకడు ఫొటో కింద రాశాడు: ఆ మోడల్ సంవత్సరానికి పక్క అద్దాలు రెండుండాలి, ఒకటి విరిగిన సరుకు మీకు అంటగట్టారు. దాని కింద మరో ఇద్దరు నవ్వుబొమ్మలు పెట్టారు. జానకిరామ్ చెవులు ఎర్రబడ్డాయి. ఫోను బల్ల కింద పెట్టుకుని, పాత అంబాసిడర్ల ఫొటోలు వెతికి వెతికి, ఒక అద్దమే ఉన్న కారుని పట్టి, సమాధానం టైపు చేయసాగాడు.

"అన్నవరం బస్సు ఎక్కడాగుద్దండీ?" అంది ఒక ఆడగొంతు.

చెయ్యి గాలిలో లేచి తుని బస్సులు ఆగే వైపు చూపించింది.

"బరువు సామానుందండి. ఎక్కనిస్తారా?"

"ఏం సామాను?" అన్నాడు, టైపు చేస్తూనే.

"మిషనండి."

"లగేజీ కొట్టించుకుంటే ఏదైనా ఎక్కనిస్తారు."

ఆ గొంతు కదల్లేదు. వెనక ఎవరో తొందరపెడుతున్నారు. కిటికీ గట్టు మీద గాజుల చెయ్యి ఒకటి ఆనుకుని ఉందని కంటి కొసకి తెలుస్తూనే ఉంది.

"మళ్ళీ ఇటు తిరుగు బస్సుంటదాండీ?"

ఏం మనుషులో! ఇంకా వెళ్ళనే లేదు, రావడం గురించి. జానకిరామ్‌కి ఒళ్ళు మండింది.

"ముందు వెళ్ళమ్మా. వచ్చే సంగతి అక్కడికెళ్ళాక అడుక్కో. నెక్స్ట్!"

చెయ్యి తప్పుకుంది. సమాధానం పంపాక విశాఖపట్నం వాడు నోరు మూసుకున్నాడు. జానకిరామ్ ఆ పూటంతా గెలిచిన మనిషిలా కూర్చున్నాడు. సాయంత్రం బుల్లియ్య ఆకుదొన్నెలో పులిహోర ప్రసాదం తెచ్చి కిటికీలో పెడితే, దాన్ని కూడా తలెత్తకుండానే తీసుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి కింది వాటా పాపాయమ్మ వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. అతన్ని చూసి, అతని వెనకకి చూసి, మళ్ళీ అతన్ని చూసింది.

"ఒక్కరే వచ్చారేంటండీ?" అంది.

"ఇంకెవరొస్తారు?"

పాపాయమ్మ కొంగుముడి విప్పి తాళంచెవి చేతిలో పెట్టింది. "మీ ఆవిడ ఇచ్చి వెళ్ళిందండి. అన్నవరం వెళ్ళిపోతున్నా, అక్కడే ఉండిపోతానంది. నేను ఎంతో చెప్పి చూశాను. కాంప్లెక్సులో మా ఆయన కిటికీలోనే అడిగి బస్సెక్కుతాను పిన్నిగారూ, తలెత్తి చూశారంటే మిషను పట్టుకుని తిరిగొచ్చేస్తాను అందండి. వచ్చేస్తదిలే అని ఇప్పటిదాకా ఇక్కడే కూర్చున్నాను. రాలేదా మీ దగ్గరికి?"

జానకిరామ్ నోరు తెరిచాడు. రాలేదని అబద్ధమాడదామనుకున్నాడు. తాళంచెవి పట్టుకుని మెట్లెక్కాడు.

వరండాలో కుట్టుమిషను తల లేదు. ఇనుప కాళ్ళు, తొక్కుడుపలక మాత్రం మిగిలాయి. వంటింట్లో అన్నం, వంకాయకూర మూతలు పెట్టి ఉన్నాయి. గిన్నెల పక్కన గసగసాల డబ్బా, పసుపు డబ్బా ఎందుకో బయటే ఉన్నాయి. లగేజీ కొట్టించుకోమన్న తన గొంతు తనకే వినపడింది. వచ్చే సంగతి అక్కడికెళ్ళాక అడుక్కో. ఇన్నేళ్ళలో ఎందరినో చూసి రోతపడ్డాడు గానీ, జానకిరామ్‌కి తన మీద తనకి రోత పుట్టడం ఇదే మొదలు. అది ఎవరి మీదా విసిరెయ్యడానికి వీల్లేనిది.

అలవాటు కొద్దీ రైలుగదిలోకి వెళ్ళి లైటు వేశాడు. కొవ్వూరు స్టేషను ముందు అంబాసిడర్ పెట్టినచోటే ఉంది. దాని బానెట్ మీద ఏదో ఎర్రటి నలుసు. కోపం రావాల్సిన చోట కోపం రాలేదు. కుంచె అందుకోబోయి, వదిలేసి, భూతద్దం తీసుకుని వంగాడు.

నలుసు కాదు, బొట్టు. కుట్టుసూది మొనతో పెట్టిన కుంకుమబొట్టు, గుండ్రంగా, ఎక్కడా చెదరకుండా. పక్కనే సూది వాల్చి ఉంది. భూతద్దం ఇంకొంచెం కిందికి దించాడు. చక్రాల దగ్గర పచ్చగా ఏవో కనపడ్డాయి. చూస్తుండగా ఫ్యాను గాలికి ఒకటి కదిలినట్టయింది. జానకిరామ్ పరుగున వెళ్ళి ఫ్యాను ఆపి, మళ్ళీ వచ్చి, ఊపిరి బిగబట్టి మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

నాలుగు చక్రాల కింద పసుపులో దొర్లించిన నాలుగు గసగసాల గింజలు ఉన్నాయి, ఆ కారుకి సరిగ్గా నిమ్మకాయలంత.