అక్క ఇంటి మీద నీలిరంగు

మా మునిసిపాలిటీలో ఊరి ప్లాను తయారుచేయడానికి ఒక పద్ధతి ఉండేది. ముందు రోడ్లు, తర్వాత బజార్లు, ఆ తర్వాత ఇళ్ళ స్థలాలు. అన్నీ అయిపోయి బైండింగుకు వెళ్ళే ముందు పర్యావరణం అధ్యాయం. దాన్ని ఎవరూ రాసేవాళ్ళు కాదు. పాత ప్లానులోది తీసి, సంవత్సరం మార్చి టైపు కొట్టించేవాళ్ళం. కిందటిసారి అలాగే కొట్టించి, ఊరి కుంటను కంటికి రెప్పలా కాపాడతామని అచ్చేశాం. ఆ కుంటను పూడ్చి బస్టాండు కట్టి అప్పటికే చాలాకాలమైంది. పేపరువాళ్ళు మమ్మల్ని ఉతికి ఆరేశారు.

అందుకే ఈసారి ప్లానింగు ఆఫీసరుగా నేను పట్టుబట్టాను. ముందు నీళ్ళ దారి గీద్దాం, మిగతావన్నీ దాన్ని తప్పించి గీద్దాం అన్నాను.

కమిషనరుగారు నవ్వి, "మీ ఇష్టమమ్మా. తిట్లు కూడా మీరే తినండి," అన్నారు.

మా ఊరి వాగు పాత దారిని కొలిపించి, మ్యాపు మీద నీలిరంగు పూయించాను. ఆ రంగు కింద పడ్డ ఇళ్ళు తీసేయాలి. వాళ్ళకు మిట్ట మీద వేరే ఇళ్ళిస్తారు. మలుపులో పడ్డ మొదటి ఇల్లు మా అక్కది. అంటే, నా పుట్టిల్లు; అక్కా బావా అందులోనే ఉంటున్నారు.

గీత కాస్త అవతలికి జరిపితే అక్క ఇల్లు మిగులుతుంది. వరదొస్తే ఆ నీళ్ళు ఎదుటి వరుస ఇళ్ళలోకి పోతాయి. ఈ సంగతి నాకు బాగా తెలుసు.

మా చిన్నప్పుడు ప్రతి వానాకాలమూ ఆ ఇంట్లోకి నీళ్ళొచ్చేవి. నాన్న దర్జీ. గడపలో తడి కనబడగానే ముందు కుట్టుమిషను బల్ల మీదికెక్కించి, తర్వాత మమ్మల్ని ఎక్కించేవాడు. "కన్నపిల్లల కంటే మిషనే ముద్దు ఈయనకి," అని అమ్మ సణిగేది. మా బట్టలన్నీ తడిసిపోయేవి. పైన దండెం మీద ఊళ్ళోవాళ్ళకి కుట్టినవి మాత్రం పొడిగా ఉండేవి. అవే వేసుకునేవాళ్ళం. అక్క ఎవరిదో పెద్దాయన కోటు తొడుక్కుని, చేతులు మడిచి, మా అందరి మీదా పెత్తనం చేసేది. నవ్వలేక చచ్చేవాళ్ళం. ఇప్పటికీ తడిగోడ వాసన తగిలితే నాకు ప్రాణం లేచొస్తుంది. అది కష్టమని పెద్దయ్యాక ఎవరో చెబితే తప్ప తెలియలేదు.

నోటీసు అంటించక ముందే నేనే వెళ్ళి అక్కకు చెప్పాను. బావ లేచి వసారాలోకి వెళ్ళిపోయాడు.

"అయితే ఇల్లు పడగొడతావన్నమాట," అంది అక్క.

"నేను కాదక్కా, మునిసిపాలిటీ."

"మునిసిపాలిటీకి నేను జడలు వెయ్యలేదే. నీకు వేశాను."

"నచ్చకపోతే అభ్యంతరం రాసివ్వు. గడువుంది. తప్పకుండా చూస్తారు."

"నాదేముందిలే, ఎక్కడున్నా నా కాపురం నాకుంటుంది. పుట్టిల్లు లేకుండా పోయేది నీకే," అంది అక్క.

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. రోజూ ఆఫీసుకు వెళ్ళగానే అభ్యంతరాల పెట్టె తెరిచి వెతికేదాన్ని. ఊరంతా రాసింది. బస్టాండు టీకొట్టువాడు కూడా, తనకు ఏ సంబంధమూ లేకపోయినా, రెండు పేజీలు రాశాడు. అక్క రాయలేదు.

అభ్యంతరాల విచారణ రోజు హాలు కిక్కిరిసింది. అక్క ఇస్త్రీ చీర కట్టుకుని చివరి వరుసలో కూర్చుంది. గుమాస్తా ఇంటి నంబరు పిలిచాడు. లేచి నిలబడి, "అభ్యంతరం లేదండీ," అని కూర్చుంది. నేను తలెత్తలేదు. గీత ఉన్నచోటే ఉంచి సంతకం పెట్టాను.

అయ్యాక వరండాలో దొరకబుచ్చుకుని గట్టిగానే అడిగాను. "ఎందుకు రాయలేదు? నీ కాగితం కోసం రోజూ ఎదురుచూశాను, తెలుసా?"

"తెలుసు. రాస్తే నువ్వు గీత జరిపేస్తావు. అందుకే రాయలేదు."

"నేను జరుపుతానా?" అన్నాను.

"జరపనని చెప్పు, వింటాను," అంది.

చెప్పలేకపోయాను. కళ్ళనీళ్ళు ఆగలేదు. పక్కనుంచి కమిషనరుగారు వెళ్తున్నా తుడుచుకోవాలనిపించలేదు. అక్క నా చెయ్యి పట్టుకుని మెట్ల వైపు లాగింది.

"ఊరుకో, అందరూ చూస్తున్నారు. ఇంకా పడగొట్టలేదు కదే. నడు, ఇంటికెళ్ళి అన్నం తిందాం."