పెట్టించినవాడు

మార్తను చంపింది ఆమె పుట్టింటివాళ్లే. డాక్టరు షుగర్ అన్నాడు, కిడ్నీలు అన్నాడు. బాలశౌరి కాదనలేదు. డాక్టర్లకు తెలిసేది అంతవరకే.

మార్త తమ్ముడు యేసుకుమార్ కార్గిల్ యుద్ధంలో పోయాడు. ఫిరంగుల రెజిమెంటులో సిపాయి. అదే యుద్ధంలో మార్త భర్త బాలశౌరి సరఫరా దళంలో సుబేదారు. పిండి, కిరోసిన్, బూట్లు లారీల మీద కొండల దాకా చేర్పించడం అతని పని. ఉయ్యూరు పక్కనున్న వాళ్ల ఊరికి మాత్రం ఇద్దరూ మిలట్రీయే. ఒకే ఆఫీసులో పక్కపక్క బల్లల దగ్గర కూర్చున్నట్టే లెక్క.

యుద్ధం మొదలైన కొత్తలో బాలశౌరి ఊళ్లో ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేశాడు. మార్త హలో అనేలోపే ఆమె అన్న అంతోని రిసీవర్ లాక్కున్నాడు. అంతోని బస్సు కండక్టరు.

"బావా, తమ్ముణ్ణి కిందికి తెప్పించు."

"నా చేతుల్లో లేదు."

"మీ ఆఫీసరుతో చెప్పు."

"మా ఆఫీసరు వాడికి ఆఫీసరు కాదు. వాళ్ల రెజిమెంటే వేరు."

"వేరైతే ఏం? మా డిపోలో క్లర్కు చెవిన వేస్తే రూటు మారిపోద్ది. నైట్ డ్యూటీ పగలవుద్ది. మీ దగ్గర అట్టాంటి మనిషే లేడా?"

"లేడు."

"పెట్టించినవాడివి, తీయించలేవా?"

బాలశౌరి ఫోన్ పెట్టేశాడు. వెనక జవాన్లు వరసలో నిలబడి ఉన్నారు.

పెట్టించినవాడు అన్న పేరు అతను సంపాదించుకున్నది కాదు. యేసుకుమార్ మిలట్రీ సెలక్షన్లకు వెళ్లిన రోజు సెలవులో ఉన్న బాలశౌరి తోడు వెళ్లాడు. గ్రౌండు బయట బడ్డీకొట్టు దగ్గర టీ తాగుతూ కూర్చున్నాడు. లోపల పరిగెత్తింది కుర్రాడే, నెగ్గింది కుర్రాడే. కానీ మార్త తల్లితో వేరేగా చెప్పింది. "మా ఆయన ఒక్క మాట అన్నాడంతే, తీసుకున్నారు." అత్తగారు మాణిక్యం సంబరపడి మేకపోతును కోయించింది. బాలశౌరి నిజం చెప్పబోతే మార్త చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనియ్యండి. మా ఇంట్లో నాకూ కాస్త విలువుంటది."

అతను తిని ఊరుకున్నాడు.

యేసుకుమార్ పెట్టెలో ఊరికి వచ్చాక పుట్టింటి గుమ్మం మార్తకు మూసుకుపోయింది. నీ మొగుడు ఆ ఒక్క మాట మళ్లీ అనలేకపోయాడా అని తల్లి అడిగింది. నిజం చెబితే మార్త అబద్ధాలకోరు అవుతుంది. చెప్పకపోతే తమ్ముణ్ణి చావనిచ్చినవాడి పెళ్లాం. ఆమె రెండోదే మోసింది. ఇన్సులిన్ తీసుకోవడం మానేసింది. బాలశౌరి రిటైరై వచ్చేసరికి ఆమె ఆరోగ్యం చెయ్యి దాటిపోయింది. ఊరి శ్మశానంలో తమ్ముడి పక్కనే పూడ్చారు. పుట్టింటినుంచి ఒక్కరూ రాలేదు.

ఆ ఊళ్లో ఉండలేక బాలశౌరి బెజవాడ ఆటోనగర్‌లో, లారీల షెడ్డులో స్టోరు చూసే పనికి కుదిరాడు. రెండేళ్ల తర్వాత, సమాధుల పండుగ దగ్గరపడుతుండగా, మాణిక్యం, అంతోని, అంతోని కొడుకు షెడ్డుకు వచ్చారు. బాలశౌరి స్టూలు జరిపాడు.

"మార్త సమాధికి సున్నం వేయించాం అల్లుడుగారూ," అంది మాణిక్యం. "ఈసారి అందరం కలిసి కొవ్వొత్తులు పెడదాం. మీరూ రావాలి."

బాలశౌరి అంతోనికేసి చూశాడు.

"వీడు ఇంటర్ తప్పాడు బావా. వచ్చే నెల సెలక్షన్లున్నయ్యి. నువ్వు ఒక్క మాట అంటే..."

"మళ్లీ యుద్ధం వస్తే?"

"ఈసారి నీలాంటి పోస్టులో వేయించు. సుబేదారుగారు క్షేమంగానే తిరిగొచ్చారుగా."

బాలశౌరి గొంతు పెంచలేదు. "అక్కడ మాట పైనుంచి కిందికే వస్తది అంతోని. కల్నల్‌కూ పైవాడుంటాడు, వాడికీ పైవాడుంటాడు. పక్క దళం సంగతి పక్క దళానిదే. నేను పిండిబస్తాలు ఎక్కించేవాణ్ణి. నా మాట లారీ దాటి పోదు."

"మరి మా తమ్ముణ్ణి లోపలికెట్టా పంపావు?"

బాలశౌరి నోరు తెరిచాడు. మాణిక్యం అతని మొహంలోకే చూస్తోంది.

"మీరు పెట్టించారని మార్తే చెప్పింది నాకు. అది పుట్టిన కాణ్ణించీ నా దగ్గర అబద్ధం ఆడలా. చెప్పండి అల్లుడుగారూ. ఆడిందా?"

నేను పెట్టించలేదు అంటే చాలు, యేసుకుమార్ చావు అతని నెత్తిమీదనుంచి దిగిపోతుంది. ఆ బరువు సున్నం వేసిన సమాధి మీద పడుతుంది. ఆ అబద్ధానికి మార్తను అతను క్షమించలేదు. క్షమించకపోవడం వేరు, ఆమెను తెచ్చి వీళ్ల చేతుల్లో పెట్టడం వేరు.

"మార్త చెప్పింది నిజమే," అన్నాడు. "నేనే పెట్టించాను."

"మరి తీయించలేదేం అల్లుడుగారూ?"

"తీయించలేదు."

మాణిక్యం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చప్పుడు లేకుండా ఏడ్చింది.

"వీడి సంగతి?" అన్నాడు అంతోని.

"నేనెవర్నీ పెట్టించను. పొద్దున్నే లేచి పరిగెత్తమను."

"చూశావామ్మా. చెప్పానా, ఈ మనిషికి మనసు లేదని."

ముగ్గురూ లేచారు. గేటు దగ్గర మాణిక్యం వెనక్కి తిరిగింది.

"దానికి కొవ్వొత్తులు పెడతాను. మీరు రావద్దు."

బాలశౌరి తలూపాడు. వాళ్లు సిటీ బస్సెక్కేదాకా చూసి లోపలికి వచ్చాడు. మెకానిక్ రహ్మాన్ చేతులు తుడుచుకుంటూ దగ్గరికొచ్చాడు.

"ఎవరండీ వాళ్లు? ఆ పెద్దావిడ ఏడుస్తా పోయింది."

"మా ఆవిడ తల్లి."

"ఏమైందండీ?"

"ఇందాక వాళ్లకు చెప్పిందే చివరిసారి రహ్మాన్. ఈ సంగతి నేనింక ఎవరి దగ్గరా ఎత్తను. నువ్వూ అడగొద్దు."