ఎలియాజరు వేసిన తాళం

పదకొండో అమ్మాయి పాస్‌వర్డ్ టైపు చేస్తుంటే ఎలియాజరు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. కెనడా బ్రాంప్టన్‌లోని ఆ జిరాక్సు షాపులో తొమ్మిదేళ్లుగా నిలబడుతూనే ఉన్నాడు గానీ, ఇలా గోడకేసి నిలబడటం ఇవాళే మొదలు. మనిషికి కుదురు లేదు. స్కానరు మూత తెరుస్తాడు, మూస్తాడు, మంచులో ఎవరైనా వస్తున్నారేమోనని తొంగిచూస్తాడు.

"అయిపోయింది అంకుల్."

ఆ పిల్ల వెళ్లాక నల్లతెర ముందు కూర్చుని రెండు వేళ్లతో కమాండ్ కొట్టాడు. ఆన్‌లైన్ స్టోరేజీలో ఆమె పాస్‌వర్డ్‌తో తెరుచుకున్న ఫోల్డరులోకి కాగితాలన్నీ ఎక్కించి, మళ్లీ తాళం వేసేశాడు. బ్రౌజర్లో చూస్తే ఫైళ్ల పేర్లు కూడా అర్థంలేని అక్షరాల ముద్దలు. పాస్‌వర్డ్ మర్చిపోతే ఇక ఎలియాజరు కూడా తెరవలేడు. ఆయనకి కావలసిందీ అదే. పాత కాపీలు చెరిపి, ట్రాష్ కూడా ఖాళీ చేశాడు.

ఇంతకీ ఈయన చేసిన నేరమేమిటయ్యా అంటే, మంచితనం. చదువుకోవడానికొచ్చిన పిల్లలు పాస్‌పోర్టులు, పర్మిట్లు పోగొట్టుకుంటారని, స్కాన్ చేసినవన్నీ ఆన్‌లైన్లో ఒకేచోట దాచి, "ఎప్పుడంటే అప్పుడు ప్రింటు తీసుకోండర్రా" అని ఆ లింకును చర్చి యూత్ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అది ఎన్ని గ్రూపులు తిరిగిందో! ఎవరో ఆ పిల్లల్లో వర్ష అనే అమ్మాయి సిన్ నంబరు, ఇక్కడ పనికి చేరాలంటే అడిగే సర్కారు నంబరు, పట్టుకుని, ఆమె పేరుతో ఓ గోడౌన్‌లో పనికి చేరారు. ఛీ, నాకు బుద్ధుందా అని వారంగా తనని తానే తిట్టుకుంటున్నాడు.

మూడింటికి వర్షే వచ్చింది. బూట్ల మంచు కూడా దులుపుకోలేదు.

"నేను వారానికి ఇరవైనాలుగు గంటలే చేసిన అంకుల్. స్టూడెంట్లు అంతకన్న ఎక్కువ చెయ్యొద్దు కదా. నేను మొఖం కూడ చూడని గోడౌన్ గంటలు నా పేరు మీద పడ్డయ్. సోమవారం వర్క్ పర్మిట్‌కి అప్లై చెయ్యాలె. నేను కాదంటే ఎవరు నమ్ముతరు?"

ఎలియాజరు లోపలి గది తలుపు వైపు చూశాడు. ఓనరు పాండురంగ నిన్ననే చెప్పాడు, మన షాపునుంచి లీకయిందని బయట అన్నావో, నీ ఉద్యోగం మర్చిపో అని. యాభై ఎనిమిదేళ్ల వయసులో ఇంకెవరిస్తారు పని?

"నా వల్లేనమ్మా," అన్నాడు. "ఆ లింకు పెట్టింది నేనే."

వర్ష గ్లవ్స్ తీసి కౌంటరు మీద పెట్టింది. నాలుగు తిట్టినా బాగుండేది.

"మిమ్మల్ని మా నాన్నకన్న ఎక్కువ నమ్మిన అంకుల్," అంది.

తన కాగితాలకీ తాళం పడాలని కూర్చుని పాస్‌వర్డ్ కొట్టింది. గోడవైపు తిరిగిన ఎలియాజరు సిగ్గుతో ఏడ్చాడు, చప్పుడు రాకుండా.

"పక్క కొట్లో టీ తాగి రామ్మా. పది నిమిషాలు."

ఆమె తిరిగొచ్చేసరికి కౌంటరు వెనక ఎవరూ లేరు. కొక్కేనికి ఆయన కోటు లేదు. లోపలి గదిలో పాండురంగ ఫోన్లో ఎవరిమీదో అరుస్తున్నాడు. స్కానరు మీద ఆమె పేరు రాసిన కవరు ఉంది. అందులో ఉత్తరం. తప్పు నాది, లింకు పెట్టిన తేదీ ఇది, షాపు పేరు ఇది, ఎవరు పిలిచినా వచ్చి చెబుతాను అని రాసి, కింద సంతకం. ఉత్తరానికి పిన్ను కొట్టి, అది రాసింది తానేననడానికి సాక్ష్యంగా ఎలియాజరు పాస్‌పోర్టు జిరాక్సు, అన్ని పేజీలూ.