గ్రహణం చూసిన నల్లద్దం

అందంగా ఉంటానని చెప్పను. నేను ఒక వెల్డింగు అద్దాన్ని, అరచెయ్యంత నల్లటి పలకను. ఏ కొలిమిలో కరిగానో గుర్తులేదు గానీ, బుద్ధి తెలిసేసరికి బెజవాడ ఆటోనగర్లో మస్తాన్ మేస్త్రి ముఖానికుండే తొడుగులో ఉన్నాను. నిప్పురవ్వల్ని తప్ప లోకాన్నెరగను.

ఒకరోజు వకుళ అనే ఆవిడ వచ్చింది. దినపత్రికలో ఉద్యోగం. సైన్సు రాస్తానని చేరితే ఊరగాయల శీర్షిక అంటగట్టారట. అయినా పట్టు వదలక రాకెట్ల గురించీ రక్తం గ్రూపుల గురించీ రాస్తూనే ఉంది. అవి మాత్రం 'వి. రావు' అనే మగపేరుతో అచ్చయ్యేవి! ఇప్పుడు సూర్యగ్రహణం చూసి రాయాలని నాకోసం వచ్చింది. ఆమెకి ఆరో నెల.

"కడుపుతో ఉన్నోళ్లు చూడకూడదంటారు గదమ్మా," అన్నాడు మస్తాన్, నన్ను ఊడదీస్తూ.

"అందుకే చూస్తున్నా మేస్త్రీ."

గ్రహణం రోజు ఊరంతా తలుపులు బిడాయించుకుంది. గర్భిణులు చీకటి గదుల్లో కదలకుండా పడుకున్నారు. కదిలితే బిడ్డ పై పెదవి చీలి, గ్రహణం మొర్రితో పుడుతుందని భయం. వకుళ మాత్రం ఆఫీసు డాబా మీద నన్ను కళ్లకి అడ్డం పెట్టుకుని నిలబడింది. నాలోంచి సూర్యుడు కొరికిన అప్పడంలా కనిపించాడు. నాకు గర్వంగానే ఉంది.

"ఆరో నెల అన్న వాక్యం కొట్టేసి, రావు పేరుతో వేద్దామమ్మా," అన్నారు సంపాదకుడు పురుషోత్తంగారు, ఆమె రాసిచ్చింది చదివి.

"ఆ వాక్యం కోసమే మిగతాదంతా రాశానండీ. నా పేరు వెయ్యకపోతే కాగితాలు ఇచ్చెయ్యండి."

గొణుక్కుంటూనే వేశారు. తిట్ల ఉత్తరాలు గుట్టలుగా వస్తే, ఆమె నన్ను వాటిమీద బరువుగా పెట్టింది.

మూడు నెలలకి ఆడపిల్ల పుట్టింది. పెదవి చీలి ఉంది.

ఆమెకి సూర్యుణ్ణి చూపించింది నేనే కదా! పురుషోత్తంగారు ఆస్పత్రికొచ్చి, "ఈ సంగతి పొక్కనివ్వకమ్మా. ఓడిపోయామంటారు," అన్నారట.

"ఓడిపోడానికి నా బిడ్డేమన్నా పందెమాండీ?" అందట వకుళ. ఏడుస్తూనే అందిట. ఆ మంచం మీదే రాసిచ్చింది.

'మా పాపకి మొర్రి ఉంది. కడుపులో బిడ్డకి పై పెదవి రెండో నెలలోనే అతుక్కుంటుంది. నేను సూర్యుణ్ణి చూసింది ఆరో నెలలో. వేళ్లు మడిచి లెక్కపెట్టుకోండి. కొన్ని నెలలాగి కుట్టేస్తామన్నారు డాక్టర్లు. పిల్లల్ని దాచకండి.'

ఈసారీ కింద ఆమె పేరే ఉంది.

పాపనెత్తుకుని ఆమె మళ్లీ పనిలో చేరిన రోజున, గుమ్మంలో ఎవరో పల్లెటూరి తల్లి నిలబడి ఉంది. ఒళ్లోని బిడ్డ ముఖం కొంగుతో కప్పేసి ఉంది. "ఆ రాసినమ్మ మీరేనా? ఏ ఆస్పత్రండీ?" అనడిగింది గుసగుసగా.

"చెప్తాను, లోపలికి రా," అంది వకుళ. "ముందా కొంగు తియ్యమ్మా, బిడ్డకి గాలాడనీ."